పాము విషంలకెళ్లి వచ్చిన బీపీ గోలీ.. పాము కరిస్తె దొరకని సూది

మా అవ్వకు డెబ్బై ఏండ్లు దాటినయ్. పొద్దుగాల చాయ తాగంగనే ఒక గోలీ మింగుతది. బీపీ గోలీ. దాని పేరు ఎనలాప్రిల్. మొన్న ఒకనాడు ఆ గోలీని అరచేతిల పెట్టుకొని, “ఇది ఏ చెట్టుతోటి చేస్తరు కొడుకా?” అని అడిగింది. అవ్వ లెక్కల మందు అంటె చెట్టుకో చేమకో పుట్టాలె. “చెట్టు గాదే అవ్వా, దీని పుట్టుక పాము కాడ ఉన్నది” అన్న.

అవ్వ గోలీని మళ్ల డబ్బల ఏసింది. “పామా? మీ చిన్నాయనను తీస్కపోయింది సాలదా?” అన్నది.

మా చిన్నాయన పోయి పాతికేండ్లు దాటింది. అప్పట్ల ఎవుసానికి కరెంటు రాత్రిపూట ఇచ్చేటోళ్లు. మోటరు పెట్టనీకె బాయికాడికి పోయిండు. ఒడ్డు మీద రక్తపింజరను తొక్కిండు. ఇంటికొచ్చి చెప్పంగనే మేం చేసిన పని, పక్కూరి పసరాయన దగ్గరికి తీస్కపోవుడు. ఆయన పసరు పోసిండు, మంత్రమేసిండు, తెల్లారేదాక కూసోబెట్టిండు. తెల్లారేసరికి చిన్నాయన చిగుర్లకెళ్లి నెత్తురు కారుతున్నది. మండలంల దవాఖానకు ఉరికితె “విరుగుడు సూది లేదు, జిల్లాకు పోండ్రి” అన్నరు. జీపు దొరికేసరికి పొద్దెక్కింది. దారిల పానం పోయింది. ఆ జీపుల చిన్నాయన తల నా ఒళ్లె ఉన్నది.

ఒక పాము చిన్నాయనను తీస్కపోయింది. ఇంకో దేశపు పాము అవ్వను నిలవెడుతున్నది. ఇది ఎట్ల అయిందో అవ్వకు సమజ్ చేద్దామని కూసున్న. చెప్పుకుంట పోతె అది పెద్ద కథ. తమ్ముళ్లు, చెల్లెండ్లు మీరు సుత వినాల్సిన కథ. నేను డాక్టర్ను గాను. ఇంటర్ నడుమల ఆపినోన్ని. చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి అర్థం చేసుకున్నది చెప్తున్న.

విషం అంటె ఒక్కటి గాదు

మింగితె చంపేది ఒక రకం విషం. కోరలతోనో ముల్లుతోనో పెయ్యిలకు ఎక్కించేది ఇంకో రకం. పురుగుల మందు మొదటిది. పాము, తేలు, తేనెటీగ విషం రెండోది. పాముకు విషం ఎలుకను పడగొట్టనీకె, దాన్ని అరిగించుకోనీకె కావాలె. మన మీద పగ తీర్చుకోనీకె తయారైంది గాదు.

ఒక్క పాము విషంల పదుల రకాల ప్రొటీన్లు, చిన్నచిన్న ప్రొటీన్ ముక్కలు కలిసి ఉంటయ్. దేని పని దానిదే. మన పెయ్యిని ఒక పెద్ద ఇల్లు అనుకోండ్రి. నెత్తురు గడ్డకట్టుడు ఒక అర్ర. బీపీ ఒక అర్ర. నరంలకెళ్లి కండకు కబురు పోవుడు ఒక అర్ర. ప్రతి అర్రకు తాళం ఉన్నది. పాము విషం అంటె ఆ తాళాలకు దొంగ చెవుల గుత్తి.

రక్తపింజర గుత్తిల నెత్తురు అర్ర చెవులు ఎక్కువ. నెత్తురును గడ్డకట్టించే ఫ్యాక్టర్ 10, ఫ్యాక్టర్ 5 అని రెండు సరుకులున్నయ్. విషం వాటిని ఒక్కపారే లేపుతది. గడ్డకట్టే సరుకంత ఉత్తగనే ఖర్సయిపోతది. ఇగ మిగిలిన నెత్తురు గడ్డకట్టదు, ఎక్కడ సందు దొరికితె అక్కడికెళ్లి కారుతది. మా చిన్నాయన చిగుర్ల జరిగింది గదే. నాగుపాము, కట్లపాము గుత్తిల నరం అర్ర చెవులు ఎక్కువ. నరం నుంచి కండకు కబురు ఆగిపోతది. కనురెప్పలు వాలుతయ్, మాట ముద్దయితది, కొసకు ఊపిరి తీసే కండలు సుత పనిచెయ్యయ్.

ఇప్పుడు మందు తయారుచేసే సైంటిస్టు దిక్కుకెళ్లి చూడుండ్రి. ఆయనకు కావాల్సింది సుత అసొంటి చెవే. మిగిలిన పెయ్యిని ముట్టకుండ ఒక్క తాళం మీదనే పనిచేసేది. పాములు కోట్ల ఏండ్ల సంది ఆ చెవులను అరగదీసుకుంట వచ్చినయ్. సైంటిస్టులు ఆ గుత్తిలకెళ్లి ఒక్క చెవిని తీసి, దాని ఆకారం కొలిసి, మనిషికి పనికొచ్చేటట్టు మళ్ల కొత్తగ చేస్తరు. విషంలకెళ్లి మందు వచ్చుడంటె ఇదే.

బ్రెజిల్ పాము, అవ్వ గోలీ

బ్రెజిల్ల జరరాకా అని పింజర జాతి పాము ఉన్నది. అక్కడి తోటలల్ల, చేన్లల్ల కష్టం చేసుకునేటోళ్లను అది కరుస్తది. కాటు పడ్డోళ్లకు బీపీ పడిపోయి కండ్లు తిరిగి కూలబడుడు ఉంటది. 1948ల సావొ పౌలో నగరంల మౌరీసియో రోషా ఇ సిల్వా అనే సైంటిస్టు, తన తోటోళ్లతోటి కలిసి, ఆ విషాన్ని కుక్క నెత్తుర్ల కలిపి చూసిండు. అండ్లకెళ్లి నెత్తురు నాళాలను వదులుచేసే ఒక పదార్థం బయటపడ్డది. దానికి బ్రాడికైనిన్ అని పేరు పెట్టిన్రు. అది పాముది గాదు. నెత్తుర్ల దాగి ఉండేదే, విషం దాన్ని బయటికి తీసింది.

బ్రాడికైనిన్ మామూలుగ పుట్టంగనే మాయమైతది. పెయ్యిల ఉన్న ఒక ఎంజైము దాన్ని కత్తెర లెక్క కత్తిరిస్తది. కానీ పాము విషం ఉన్నకాడ అది ఎక్కువ సేపు నిలుస్తున్నది. ఎందుకు? బ్రెజిల్‌కే చెందిన సెర్జియో ఫెరేరా 1965ల దీనికి జవాబు పట్టిండు. ఆ కత్తెరను ఆడకుండ పట్టేసే ముక్కలు విషంలనే ఉన్నయ్. ఫెరేరా ఆ సారాన్ని తీస్కొని లండన్ల జాన్ వేన్ అనే సైంటిస్టు ప్రయోగశాలకు పోయిండు. అక్కడ, ఆ తర్వాత జరిగిన పరిశోధనలల్ల ఇంకో సంగతి తేలింది. గదే కత్తెర యాంజియోటెన్సిన్ అనే దాన్ని సుత కత్తిరిస్తది. అట్ల కత్తిరించినప్పుడు తయారయ్యే ముక్క నాళాలను బిగించి బీపీని పెంచుతది. అంటె కత్తెరను ఆపితె రెండు పనులయితయ్. నాళాలను బిగించేది తగ్గుతది, వదులుచేసేది నిలుస్తది. బీపీ దిగుతది.

ఇగ మందు అయినట్టే అనుకుంటరు. కాలేదు. విషంలకెళ్లి తీసిన ముక్క ప్రొటీన్ లాంటిది. గోలీగ మింగితె కడుపుల పప్పు అరిగినట్టు అరిగిపోతది. సూదిగ ఇస్తెనే పనిచేస్తది. బీపీ ఉన్నోళ్లు బతికినన్ని దినాలు సూదులు ఎట్ల ఏయించుకుంటరు? అమెరికాల స్క్విబ్ కంపెనీల పనిచేసే డేవిడ్ కుష్‌మన్, మిగ్వెల్ ఒండెట్టి ఇక్కడ తలకాయ పెట్టిన్రు. పాము ముక్క ఆ కత్తెరల ఎక్కడ ఇరుక్కుంటున్నదో ఊహించి, గా కొసను పోలిన చిన్న అణువును రసాయనాలతోటే తయారుచేసిన్రు. అది కడుపుల అరిగిపోలేదు. 1975ల తయారైన ఆ అణువు పేరు క్యాప్టోప్రిల్. 1981ల అమెరికాల మందుగ అనుమతి వచ్చింది. దాని ఎన్కనే ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్ వచ్చినయ్. పేరు కొసకు ‘ప్రిల్’ ఉన్న బీపీ గోలీలన్నీ ఈ ఇంటివే.

అందుకే అవ్వకు చెప్పిన: “నీ గోలీల పాము విషం చుక్క సుత లేదు. పాము చూపిన తొవ్వ ఉన్నది.”

ఇక్కడ మీ ఇండ్లల్ల పనికొచ్చే ముచ్చట ఒకటి. ప్రిల్ గోలీలు ఏసుకునే కొందరికి కఫం లేని పొడి దగ్గు వస్తది. కత్తెర ఆగినందుకు బ్రాడికైనిన్ నిలబడి ఊపిరితిత్తులల్ల గిలి పెట్టుడు దానికి ఒక కారణం అంటరు. దగ్గు వస్తున్నదని గోలీని మీకు మీరే బంద్ చెయ్యకుండ్రి. డాక్టరుకు చెప్తె వేరే రకం మారుస్తరు. కడుపుతోటి ఉన్నోళ్లు మాత్రం ఈ గోలీలు వాడొద్దు, బిడ్డకు హాని. ముందే డాక్టరుకు చెప్పాలె.

మన పింజర సుత ఉన్నది ఈ కథల

ఎక్కడో బ్రెజిల్ ముచ్చటే ఎందుకు? మన గుట్టలల్ల, రాళ్ల కుప్పలల్ల ఉండే చిన్న పింజరను చూసే ఉంటరు. మూర కంటె పెద్దగ పెరుగుడు తక్కువ. పొలుసులు రాపాడించి సర్‌సర్‌మని సప్పుడు చేస్తది. మన దేశంల మనుషులను ఎక్కువ చంపే నాలుగు పాములల్ల అది ఒకటి. మిగిలిన మూడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర.

ఈ చిన్న పింజర జాతి విషంల ఎకిస్టాటిన్ అనే ముక్క దొరికింది. నెత్తుర్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటెనే గడ్డ తయారైతది. ఎకిస్టాటిన్ ఆ అతుకును ఆపుతది. దాని ఆకారాన్ని చూసి టిరోఫిబాన్ అనే మందు చేసిన్రు. అమెరికాల ఉండే గిలకపాములల్ల ఒక చిన్న జాతి విషాన్ని చూసి ఎప్టిఫిబాటైడ్ అనే ఇంకో మందు చేసిన్రు. రెండూ 1998ల వచ్చినయ్. గుండెపోటు వచ్చినోళ్లకు, గుండె నాళంల స్టెంటు ఏసేటప్పుడు, నెత్తురు గడ్డకట్టకుండ వీటిని సూదిగ ఎక్కిస్తరు. హైదరాబాద్ పెద్ద దవాఖానల గుండె వార్డుల పండుకున్న మనిషికి ఎక్కే మందుకు, పత్తి చేన్ల కూలిపనికి పోయిన అక్క కాలికి కాటేసిన పాముకు చుట్టరికం ఉన్నది.

లోకమంత పలికే మన తెలుగు మాట

ఇంకో ముచ్చట చెప్తె నమ్మరు. ప్రపంచంల ఏ మెడికల్ కాలేజీల నరాల పాఠం చెప్పినా బుంగరోటాక్సిన్ అనే పేరు వస్తది. అండ్ల ఉన్నది మన ‘బంగారు’.

1780లల్ల విశాఖపట్నంల ఈస్టిండియా కంపెనీ కింద పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఉండె. మన తీరం పొంటి దొరికే పాములను జమచేసి, వాటికి మనోళ్లు పిలిచే పేర్లను రాసుకొని, 1796ల లండన్ల పెద్ద పుస్తకం అచ్చేయించిండు. పసుపు పట్టీల పామును మనోళ్లు బంగారు పాము అంటె అట్లనే రాసుకున్నడు. ఆ మాటకెళ్లే కట్లపాముల జాతికి సైన్సుల బుంగారస్ అని పేరు పడ్డది. రక్తపింజరను మనోళ్లు కాటుకరేకుల పొడ అన్నరు, ఆయన అది సుత రాసుకున్నడు. కానీ తర్వాత ఆ పాముకు సైన్సుల పడ్డ పేరు రస్సెల్‌దే. పాములను పట్టి తెచ్చినోళ్లు, పేర్లు చెప్పినోళ్లు ఎవరో మనకు తెల్వదు.

1963ల తైవాన్ సైంటిస్టులు అక్కడి కట్లపాము విషంలకెళ్లి బుంగరోటాక్సిన్‌ను వేరుచేసిన్రు. అది కండ మీద ఉన్న ఒక్క తాళానికే పోయి గట్టిగ అతుక్కుంటది. దాంతోటి ఆ తాళాలు ఎక్కడెక్కడున్నయ్, ఎన్ని ఉన్నయ్ అని లెక్కపెట్టనీకె వచ్చింది. మయస్తీనియా గ్రావిస్ అని ఒక జబ్బు ఉన్నది. పొద్దు గూకేసరికి కనురెప్పలు వాలుతయ్, నమలనీకె, మింగనీకె కష్టమైతది. ఆ జబ్బు ఉన్నోళ్ల కండల మీద ఆ తాళాలు తక్కువ ఉన్నయని 1973ల ఈ విషంతోటి లెక్కపెట్టే కనుక్కున్నరు. ఆ జబ్బుకు సరైన వైద్యం నడిచే తొవ్వ అట్ల పడ్డది.

రక్తపింజర విషం సుత ల్యాబులల్ల పనిచేస్తున్నది. 1934లనే మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు, గాయమైతె నెత్తురు ఆగని హిమోఫీలియా రోగులకు ఆ విషాన్ని బాగ పల్చగ చేసి గాయం మీద పెట్టి నెత్తురు ఆపొచ్చని రాసిన్రు. ఇయ్యాల లూపస్ లాంటి జబ్బులల్ల నెత్తురు గడ్డకట్టే తీరును చూసేందుకు చేసే ఒక పరీక్షల వాడేది పల్చగ చేసిన రక్తపింజర విషమే.

బల్లి, నత్త, తేలు

అమెరికా ఎడారులల్ల గిలా మాన్‌స్టర్ అని విషం ఉన్న పెద్ద బల్లి ఉంటది. దాని విషంల ఎక్సెండిన్ అనే ముక్కను జాన్ ఎంగ్ అనే డాక్టరు 1992ల కనుక్కున్నడు. తిన్నంక మన పేగులకెళ్లి వచ్చి ఇన్సులిన్‌ను లేపే ఒక హార్మోను ఉన్నది, పేరు జీఎల్‌పీ-1. అది నిమిషాలల్ల కరిగిపోతది. బల్లి ముక్క గదే పనిచేస్తది, కానీ గంటలకొద్దీ నిలుస్తది. దాంతోటి ఎక్సెనటైడ్ అనే షుగర్ సూది 2005ల వచ్చింది. ఇప్పుడు షుగరుకు, బరువు తగ్గనీకె అని ఫోన్లల్ల మోగుతున్న సెమాగ్లూటైడ్‌ను మనిషి హార్మోను తీరుగ చేసిన్రు, బల్లిది గాదు. కానీ ఈ రకం మందు నడుస్తదని ముందుగాల చూపించింది బల్లే.

సముద్రంల శంఖం లాంటి గవ్వల ఉండే కోన్ నత్త ముల్లుతోటి చేపను పొడిసి పడగొడుతది. ఫిలిప్పీన్స్‌ల పుట్టిన బాల్డొమెరో ఒలివేరా వాటి విషం మీద ఏండ్లకేండ్లు పనిచేసిండు. అండ్లకెళ్లి వచ్చిన జికోనోటైడ్‌కు 2004ల అనుమతి వచ్చింది. మార్ఫిన్‌కు సుత తగ్గని నొప్పికి దాన్ని వెన్నుపాము చుట్టున్న నీళ్లల్లకు సన్నగ ఎక్కిస్తరు.

తేలు కథ మాత్రం ఉల్టా. మహారాష్ట్ర కొంకణ్ల ఎర్రతేలు కుట్టి పిల్లలు మస్తుమంది చచ్చిపోయేటోళ్లు. హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు ఊరి దవాఖానల పనిచేసుకుంట, రాత్రిళ్లు రోగుల మంచం పక్కన కూసొని, తేలు విషం గుండెను ఎట్ల కొడుతున్నదో రాసుకున్నడు. ప్రజోసిన్ అనే బీపీ గోలీ దానికి పనిచేస్తదని చూపించిండు. నూటికి నలభై దాక ఉన్న చావులు ఒకటి దగ్గరికి దిగినయ్. పాము విషం బీపీ గోలీ అయ్యింది, బీపీ గోలీ తేలు విషానికి మందయ్యింది. బావస్కర్ సార్‌కు పెద్ద ల్యాబు లేదు. చూసే కన్ను, రాసుకునే నోటుబుక్కు ఉండె.

విషం తాగితె మందయితదా?

కాదు. ఇది గట్టిగ చెప్పాలె. ఎందుకంటె ‘పాము విషం క్యాన్సర్‌ను చంపుతది’, ‘తేలు విషం నూనె రుద్దితె కీళ్ల నొప్పులు మాయం’ అని వీడియోలు తిరుగుతున్నయ్. ప్రయోగశాల గిన్నెల క్యాన్సర్ కణాన్ని విషం చంపిందంటె అది పెద్ద ముచ్చట గాదు. గిన్నెల యాసిడ్ పోసినా ఆ కణం చస్తది. మంచి కణాన్ని విడిచిపెట్టి చెడ్డదాన్నే పట్టుకోవాలె, మనిషి పెయ్యిల పట్టుకోవాలె, ఎంత ఇయ్యాలెనో తెల్వాలె. అది తేలనీకె ఏండ్లు పడుతది. తేలిన తర్వాత ఓడిపోయేటియే ఎక్కువ. మలయా పింజర విషంలకెళ్లి తీసిన ఆంక్రాడ్ అనే దాన్ని పక్షవాతానికి వాడొచ్చని పెద్దపెద్ద పరీక్షలు చేసిన్రు. లాభం కనవడలేదు, ఆపేసిన్రు. సైన్సు అంటె ఓడిపోయినప్పుడు ఓడిపోయిన అని చెప్పుడు. మా ఊరి పసరాయన ఒక్కనాడు సుత అట్ల చెప్పలేదు.

ఇంకోటి. విషానికి లక్షల ధర ఉన్నదని పాములు పట్టి అమ్మితె బాగుపడుతమని కొందరు పిల్లలు మోసపోతున్నరు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. కాటు పడితె పానం, దొరికితె జైలు.

గోలీ ఉన్నది.. సూది ఏది?

ఇప్పుడు అసలు బాధ కాడికి వస్తున్న. క్యాప్టోప్రిల్ కంపెనీకి ఏడాదికి వంద కోట్ల డాలర్ల సరుకయ్యింది. మొదటి సంగతి కనిపెట్టింది బ్రెజిల్ సైంటిస్టులు, విషం బ్రెజిల్ పాముది, కాటు పడ్డది బ్రెజిల్ కూలీలకు. ఆ దేశానికి రాయల్టీ కింద దక్కింది ఏం లేదు. నేను మందులకు అడ్డం గాదు. ఆ మందు లేకపోతె మా అవ్వ లేదు. కానీ జీవితాంతం మింగే గోలీ మీద పెట్టుబడి ఉరికొస్తది. పొలంల ఒక్కపారి కాటు పడే పేదోని సూది మీద రాదు. లెక్క అంతే.

విరుగుడు సూది కొత్తది గాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్బెర్ట్ కాల్మెట్ 1895 నాటికే చేసి చూపించిండు. గుర్రానికి విషాన్ని కొంచెం కొంచెం ఎక్కిస్తరు. గుర్రం నెత్తురు ఆ విషాన్ని పట్టుకునే యాంటీబాడీలను తయారుచేస్తది. వాటిని వేరుచేసి, శుద్ధిచేసి సీసాలల్ల నింపుతరు. నూట పాతికేండ్లు దాటినా పద్ధతి ఎక్కువ మారలేదు. మన దేశంల సూదికి కావాల్సిన విషంల ఎక్కువ భాగం తీసేది తమిళనాడు ఇరుల ఆదివాసులు. 1978ల సహకార సంఘం పెట్టుకున్నరు. అనుమతితోటి పాములను పట్టి, కొన్ని వారాలు ఉంచి విషం తీసి, మళ్ల అడవిల విడిచిపెడుతరు. వాళ్లల్ల వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌కు 2023ల పద్మశ్రీ వచ్చింది. దేశం పానం వాళ్ల చేతుల మీద నిలబడి ఉన్నది.

కానీ ఒక చిక్కు ఉన్నది. ఒకే జాతి పాము విషం సుత జాగను బట్టి మారుతది. తమిళనాడు పాముల విషంతోటి చేసిన సూది రాజస్థాన్ల, ఈశాన్యంల అంతే బలంగ పనిచెయ్యకపోవచ్చు. బెంగళూరు ఐఐఎస్‌సీల కార్తీక్ సుణగార్ బృందం ఇదే చూపించింది. ప్రతి ప్రాంతం పాముకు సరిపోయే సూది కావాలె. దానికి ప్రభుత్వం పైసలు పెట్టాలె.

లెక్కలు చూడుండ్రి. 2000 నుంచి 2019 దాక మన దేశంల పాముకాటుతోటి దగ్గర దగ్గర 12 లక్షల మంది చచ్చిపోయిన్రని 2020ల వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఏడాదికి సగటున 58 వేలు. దాదాపు అందరూ ఊర్లోళ్లే. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ నడుమనే, మనం నాట్లేసి కలుపు తీసే దినాలల్ల. చావులు ఎక్కువున్న రాష్ట్రాల పట్టికల తెలంగాణతోటి కలిపిన ఆంధ్రప్రదేశ్ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును పట్టించుకోని జబ్బుల పట్టికల పెట్టింది 2017ల. 2030 నాటికి చావులను సగం చేస్తమని కేంద్రం 2024ల ఒక ప్రణాళిక ప్రకటించింది. కాయితం మీద ఉన్నది మంచిగనే ఉన్నది. మండలం దాక దిగాలె.

మనం చెయ్యాల్సింది

కాటు పడితె: కోయకుండ్రి, నోటితోటి పీల్చకుండ్రి, తాడుతోటి బిగించి కట్టకుండ్రి. కడియాలు, ఉంగరాలు, పట్టీలు తీసెయ్యుండ్రి, వాపు వస్తె ఇరుక్కుంటయ్. కాలో చెయ్యో కదలకుండ ఒక కట్టెకు ఆనించి, మనిషిని నడిపియ్యకుండ 108కి ఫోన్ చేసి దవాఖానకు తీస్కపోండ్రి. పామును ఎంబడిపడి చంపే పని లేదు. కాటు పడ్డ టైము గుర్తుపెట్టుకోండ్రి. రాత్రి నేల మీద పండుకున్నోళ్లకు తెల్లారుజామున కడుపునొప్పి వచ్చి, కండ్లు మూతలు పడుతుంటె కట్లపామేమో అని అనుమానించుండ్రి. దాని కాటు నొప్పి పెట్టదు, గాటు కనవడకపోవచ్చు.

దవాఖానల ఒక అగ్గువ పరీక్ష ఉన్నది. కొంచెం నెత్తురు తీసి శుభ్రమైన గాజు గొట్టంల పోసి ఇరవై నిమిషాలు కదిలించకుండ ఉంచుతరు. గడ్డకట్టకపోతె పింజర విషం ఎక్కినట్టు. దానికి మిషిన్లు అక్కర్లేదు. మా చిన్నాయనకు ఆ ఇరవై నిమిషాలు దక్కలేదు, తెల్లారేదాక పసరు దక్కింది.

కాటు పడకముందు చెయ్యాల్సింది ఇంకోటి ఉన్నది. విరుగుడు సూది మొదటి డోసే 8 నుంచి 10 సీసాలు పడుతది. అందుకే మీ పీహెచ్‌సీకి పోయి ‘ఉన్నదా’ అని అడిగితె సాలదు. ‘ఎన్ని సీసాలున్నయ్, గడువు ఎప్పటిదాక, రాత్రిపూట ఇచ్చే డాక్టరు ఎవరు’ అని అడుగుండ్రి. చెప్పకపోతె 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. అక్కడ పనిచేసే నర్సమ్మ మీద అరుసుడు గాదు, ఆమె చేతిల సరుకు పెట్టాల్సినోళ్లను నిలదీసుడు.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీల జీవవైవిధ్య కమిటీ ఉండాలె. ఊర్ల ఉన్న చెట్టు, పురుగు, పాము, వాటి గురించి మనోళ్లకు తెలిసిన ముచ్చట్లు ఒక రిజిస్టర్ల రాయాలె. రేపు మన గుట్ట మీద పాము విషంలకెళ్లి మందు పుడితె, మన వాటా అడగనీకె ఆ కాయితం ఆధారమైతది. మీ ఊర్ల ఆ కమిటీ ఉన్నదా, రిజిస్టర్ ఎవరి బీరువల ఉన్నదో సర్పంచును అడుగుండ్రి. డిగ్రీల బయాలజీ చదివే పిల్లలు ఆ రిజిస్టర్ రాయనీకె ముందు పడుండ్రి.

ఇదంత చెప్పినంక అవ్వ కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. డబ్బలకెళ్లి గోలీ మళ్ల తీసి నీళ్లతోటి మింగింది. “మరి గంత తెలివైనోళ్లు, మీ చిన్నాయన సూదిని మన మండలం దాక ఎందుకు తేలేకపోయిన్రు?” అని అడిగింది. ఆ మరునాడు నేను మా పీహెచ్‌సీకి పోయి సీసాలు లెక్కపెట్టమన్న. ఆరు ఉన్నయ్. పది కావాలని రాసి ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర ఏయించుకొని వచ్చిన. మీ కాడ ఎన్ని ఉన్నయో చూసి రాండ్రి.